అన్ని పేర్లకూ ఒకే టెంటు

ఆ శనివారం పొద్దున జయరాజ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పిల్ల ఊరు బోధన్ పోవాలి, ఉంగరం తొడిగి ప్రధానం చేసుకోవాలి, అది ముగిసేదాకా కూర్చున్న కుర్చీలోంచి లేవకూడదు. మొదటి రెండూ పెళ్లి కుదిరిన మగవాళ్లందరూ చేసేవే. మూడోదాని కోసం మాత్రం అతను చాలా రోజులు తల బద్దలు కొట్టుకుని కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం రాసుకోవాల్సి వచ్చింది.

జయరాజ్‌ది ఇందల్వాయి. ఉద్యోగం నిజామాబాద్‌లో భోజన్న దగ్గర. భోజన్న తాతతండ్రులు బీడీ ఆకు వ్యాపారం చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్నారు. కాలం మారింది, ఇక ఆకును నమ్ముకుంటే లాభం లేదని భోజన్న బస్టాండు వెనక మేడ మీది గదిలో ఒక కంప్యూటర్ పెట్టి, ఊళ్లోవాళ్లకు వెబ్‌సైట్లు చేసి నడిపించే దుకాణం తెరిచాడు. అప్పటికి 2006వ సంవత్సరం. వెబ్‌సైటు ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియదు గాని, పక్కవాడికి ఉందంటే తనకూ ఉండాలని మాత్రం ప్రతివాడికీ తెలుసు. అట్లా ఒక డిగ్రీ కాలేజీ, ఒక లాడ్జి, ఒక కంటి ఆస్పత్రి, బోధన్ వైపున్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ, ఇంకా ఎరువుల కొట్లూ చీరల కొట్లూ వచ్చి ఆ ఒక్క కంప్యూటర్‌లో కాపురం పెట్టాయి.

చిక్కల్లా కరెంటుతో వచ్చింది. వెబ్‌సైటుకు ఒక పేరుంటుంది, ఆ పేరు వెనక ఒక నంబరుంటుంది. జనం పేరు కొడతారు. ఫలానా పేరు ఫలానా నంబరు దగ్గర ఉందని ఎక్కడో దూరదేశంలో కూర్చున్న ఇంకో కంప్యూటర్ దారి చూపిస్తుంది. డబ్బు పెట్టుకున్నవాళ్ల నంబరు కదలకుండా ఉంటుంది. భోజన్న తీసుకున్నది అన్నిట్లోకీ చవక కనెక్షను కాబట్టి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దాని నంబరు మారిపోయేది. అద్దె ఇల్లు మారినవాడు చుట్టాలందరికీ కొత్త చిరునామా చెప్పుకున్నట్టు, జయరాజ్ ఒక్కొక్క పేరూ తెరిచి పాత నంబరు కొట్టేసి కొత్త నంబరు రాయాలి. అన్నీ రాసి నడుం వాల్చేలోపు కరెంటు మళ్లీ పోయేది. నిజామాబాద్‌లో కరెంటు పోవడానికి ముహూర్తం చూసుకునే అలవాటు లేదు.

ఇట్లాంటి ఉద్యోగంలో ఉన్నవాడికి పెళ్లి కుదరడమే గొప్ప. బోధన్‌లో టెంట్ హౌస్ నడిపే దాసు కూతురు విమలతో సంబంధం మాట్లాడారు. పిల్లను చూడడానికి రావాల్సిన రోజు జయరాజ్ సగం దారిలో ఉండగా భోజన్న ఫోను చేశాడు, అతను బస్సు దిగి వెనక్కి పోయాడు. ప్రధానానికి రోజు ఖాయం చేసుకునేనాడు ఎట్లాగో వచ్చి కూర్చున్నాడు గాని, పెద్దలు మాట్లాడుతుండగానే ఫోను మోగింది. ఇంటర్నెట్ సెంటరు వెతుక్కుంటూ పోయినవాడు తిరిగి వచ్చేసరికి జనం భోంచేసి వెళ్లిపోయారు. దాసు ఆ రోజు జయరాజ్‌ను ఏమీ అనలేదు. వాళ్ల నాయన పోశయ్యను మాత్రం పక్కకు పిలిచాడు.

"పోశన్నా, గిట్ల రెండుమాట్ల అయింది. ప్రధానం నాడు గూడ మీ పిల్లగాడు నడిమిట్ల లేసిండంటే, గా ఉంగురం మా పిల్ల ఏలికి పోదు. గా ఫోనునే చేసుకొమ్మను."

పోశయ్య ఈ మాట కొడుకుకు చెప్పిన రోజున జయరాజ్ అన్నం ముట్టలేదు. అతనికి విమల అంటే ప్రాణం. నిజం చెప్పాలంటే, ప్రధానానికి రోజు ఖాయమయ్యాక గిరాకీ పెరుగుతుందని దాసుకు నచ్చజెప్పి, వాళ్ల ముందుగదిలో కంప్యూటర్ పెట్టించి, బ్రాడ్‌బ్యాండు వేయించింది కూడా సాయంత్రాలు విమలతో తెర మీద నాలుగు మాటలు కొట్టుకోవచ్చనే. ఆ గుట్టు దాచడానికి ఆ కంప్యూటర్‌లోనే టెంట్ హౌస్‌కు ఒక పేజీ తయారుచేసి పెట్టాడు. ఎర్రటి షామియానా బొమ్మ, దాని కింద "దాసు టెంట్ హౌస్, బోధన్. మీకు ఏది కావాలన్నా ఫోను చేయండి" అని పెద్ద అక్షరాలు, ఇంటి ఫోను నంబరు. దానికింకా పేరు కొనలేదు కాబట్టి లోకంలో దాన్ని చూసేవాడు దాసు ఒక్కడే. రోజూ పొద్దున లేచి ముఖం కడుక్కున్నాక ఒకసారి చూసుకునేవాడు.

అన్నం మానేసిన జయరాజ్ ఊరికే కూర్చోలేదు. పేర్ల వెనక నంబర్లు మార్చే పనిని మనిషి ఎందుకు చేయాలి, కంప్యూటరే చేసుకోవచ్చు కదా అని ఒక ప్రోగ్రాం రాశాడు. కరెంటు వచ్చి యంత్రం లేవగానే ఆ ప్రోగ్రాం కూడా లేచి, ఇప్పుడు నా నంబరెంత అని చూసుకుని, ఆ నంబరును అన్ని పేర్లకూ తనే రాసేస్తుంది. భోజన్న ఎదుటే మెయిన్ స్విచ్చి ఆర్పి మళ్లీ వేసి చూపించాడు. జయరాజ్ సగం రోజు చేసే పని టీ చల్లారేలోపు అయిపోయింది. శభాష్ అంటాడేమోనని జయరాజ్ ఎదురుచూశాడు.

భోజన్న తెరను చాలాసేపు చూసి, "గింత అల్కటి పనికా ఇన్నొద్దులు నా దగ్గర జీతం తీస్కున్నవ్?" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. జయరాజ్‌కు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. కాబోయే మామ దగ్గర టెంట్ హౌస్ సూత్రం ఒకటి విన్నాడు, ఏ పెళ్లికైనా రెండు జనరేటర్లు తీసుకుపోవాలి, ఒకటి ఆగితే రెండోది లేవాలి అని. ఆ లెక్కన తన ప్రోగ్రాంకు కూడా జోడు ఉండాలనుకున్నాడు. దాసు కంప్యూటర్‌లో దాని నకలు ఒకటి పెట్టి, నిజామాబాద్ యంత్రం పలకకపోతే ఆ పని నువ్వు అందుకో అని చెప్పి పెట్టాడు. ప్రోగ్రాంకు తెలిసిన పని ఒక్కటే. తాను ఏ ఇంట్లో కూర్చుంటే ఆ ఇంటి నంబరును ఊరందరి పేర్లకూ రాయడం. ఇప్పుడది కూర్చున్నది దాసు ముందుగదిలో అన్న సంగతి జయరాజ్‌కు తట్టలేదు. పని అందుకున్నాక ఎప్పుడు ఆపాలో చెప్పడం కూడా మరిచిపోయాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు సీసా మూత ఇట్లా తీశాడన్నమాట.

ప్రధానం నాడు దాసు వాకిట్లో సొంత షామియానా, సొంత కుర్చీలు, సొంత జనరేటరు. కిరాయికి పోయే వస్తువులన్నీ ఒక్క పూట ఇంటి పట్టున ఉన్నాయని జ్ఞానమ్మ సంబరపడింది. ఆమె దాసు భార్య. జయరాజ్ గడపలో అడుగు పెట్టగానే ఆమె నవ్వుతూ చెయ్యి చాపింది. కాళ్లకు నీళ్లిచ్చే చెయ్యి కాదది, ఫోను అడిగే చెయ్యి. అతను ఇచ్చేశాడు. ఆమె దాన్ని తీసుకుపోయి వంటింట్లో బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది.

వాళ్ల చర్చి సంఘంలో ప్రధానానికి ఒక పద్ధతుంది. ఉంగరం తొడిగే ముందు పిల్లవాడి చుట్టం కానివాడు ఎవరైనా ఒక పెద్దమనిషి లేచి, దేవుని ఎదుట, సంఘం ఎదుట అతని నడత గురించి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యానికి పోశయ్య ఇందల్వాయి హెడ్‌మాస్టరును ఒప్పించాడు. ఆయన ఇంకా రాలేదు. వచ్చేస్తాడులే అని పాస్టరయ్య పాట ఎత్తుకున్నాడు. జయరాజ్ కొత్త చొక్కాలో బిగుసుకుని కూర్చున్నాడు. ఎదుటి వరసలో విమల తలవంచుకుని కూర్చుంది. జనరేటరు చప్పుడు కూడా ఆ పూట అతనికి మంగళవాద్యంలా వినిపించింది.

సరిగ్గా అప్పుడే నిజామాబాద్‌లో కరెంటు పోయింది. దాసు ముందుగదిలో, పూల గుడ్డ కప్పి ఉన్న కంప్యూటర్ కాసేపు ఓపిక పట్టి, అక్కడివాడు పలకడం లేదని రూఢి చేసుకుని, చెప్పిన పని చెప్పినట్టు చేసింది. కాలేజీ, లాడ్జి, కంటి ఆస్పత్రి, చక్కెర ఫ్యాక్టరీ, ఎరువులు, చీరలు, అన్ని పేర్లకూ దాసు ఇంటి నంబరు రాసింది. ఆ క్షణం నుంచి జిల్లాలో ఎవరు ఏ పేరు కొట్టినా ఎర్రటి షామియానా కనిపించి, మీకు ఏది కావాలన్నా ఫోను చేయండి అన్నది. జనం చేశారు.

మొదటి ఫోను పాట రెండో చరణంలో వచ్చింది. దాసు లేచాడు. టెంట్ హౌస్ మనిషి నోట లేదన్న మాట రాకూడదనేది అతని నియమం. ముందు ఒప్పుకోవాలి, తర్వాత ఎక్కడి నుంచైనా తేవాలి. కుర్చీలు లేకపోతే ఇంకో టెంట్ హౌస్ నుంచి తెస్తాడు, వంటవాడు లేకపోతే మహారాష్ట్ర నుంచి పిలిపిస్తాడు. అట్లా నలభై ఊళ్లలో పేరు తెచ్చుకున్నవాడు. ఈ ఫోను చేసింది డిగ్రీ పిల్లవాడు. ఆ రోజు సప్లిమెంటరీ ఫలితాలు. నేను పాసయినట్టేనా అని అడిగాడు. ఎవరో విమలతో చదివిన పిల్లవాడు దీవెన కోసం చేశాడనుకున్నాడు దాసు.

"అయితవ్ బిడ్డా, ఎందుకు గావు? పాసే అనుకో. ఫికర్ జెయ్యకు," అని పెట్టేసి వచ్చి కూర్చున్నాడు.

కూర్చున్నాడో లేదో మళ్లీ మోగింది. ఆ పిల్లవాడు తన దోస్తులకు చెప్పాడు, వాళ్లందరూ వరసగా చేశారు, దాసు అందరినీ పాస్ చేశాడు. ఒకమ్మాయి ఇంగ్లీషు, ఎకనామిక్స్ రెండూ అంటే రెండూ ఇచ్చేశాడు. తర్వాత ఎవరో కుటుంబంతో దిగాలి, గది దొరుకుతుందా అన్నారు. సామాన్ల గోదాం ఖాళీగానే ఉంది కదా అని రమ్మన్నాడు. ఇంకొకాయన చూపు మసగ్గా ఉంది, ఎప్పుడు రమ్మంటారన్నాడు. మా ఇంటి ప్రధానానికి దారి తెలియక అడుగుతున్న ముసలాయన కాబోలనుకుని, ఇప్పుడే రాండ్రి, భోజనం కూడా ఉందన్నాడు. చెరకు రైతు మార్కండేయ ఎడపల్లి అవతల నుంచి చేసి, మా కటింగ్ ఆర్డరు ఎప్పుడని అడిగాడు. ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డరు వస్తేగాని రైతు చెరకు మీద కత్తి పెట్టకూడదు, ఆ ఆర్డరు తేదీలు ఫ్యాక్టరీ వెబ్‌సైటులో వేస్తారు. దాసుకు ఇదంతా ఎందుకు తడుతుంది? చెరకు తోలడానికి టెంటు సామాన్లు మోసే తన లారీలు అడుగుతున్నారనుకుని, రేపు పొద్దుగాల కొట్టుండ్రి, బండ్లు నేను పంపిస్త అన్నాడు. మార్కండేయ ఈ శుభవార్త ఊరంతా చాటాడు.

పోతూ వస్తూ ఉన్న దాసు ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్లలో ఇంత గిరాకీ ఎన్నడూ చూడలేదు. అల్లుడు కాలు పెట్టిన ఘడియ ఎంత మంచిదో చూశారా అని పాస్టరయ్య చెవిలో చెప్పాడు. పాస్టరయ్య తల ఊపి ప్రార్థనను ఇంకొంచెం పొడిగించాడు.

ఇదే సమయంలో నిజామాబాద్‌లో భోజన్న వేరే ప్రార్థన చేస్తున్నాడు. కరెంటు తిరిగి వచ్చింది. అతని యంత్రంలోని ప్రోగ్రాం లేచి పేర్లన్నీ సరిచేసింది. అమ్మయ్య అనుకునేలోపు, ఆపమని ఎవరూ చెప్పని బోధన్ నకలు మళ్లీ అన్నిటినీ షామియానా కిందికి తోలుకుపోయింది. భోజన్న స్విచ్చి ఆర్పి వేశాడు. పేర్లు వచ్చాయి, కాసేపు కూర్చున్నాయి, పోయాయి. మళ్లీ ఆర్పాడు, మళ్లీ వేశాడు. మా కాలేజీ పేరు కొడితే కుర్చీలు, బోళ్లు కనిపిస్తున్నాయేమిటని ప్రిన్సిపాల్ కేకలు. కోత ఎవరు మొదలుపెట్టమన్నారని ఫ్యాక్టరీ మేనేజరు కేకలు. జయరాజ్‌కు ఎన్నిసార్లు చేసినా పలకడు. ఆ పేర్లు తెరిచే పాస్‌వర్డులన్నీ తెలిసినవాడు అతనొక్కడే. వీడి ఉద్యోగం ఇవ్వాళ్టితో సరి అని గట్టిగా అనుకుని, భోజన్న స్కూటరు తీసి బోధన్ దారి పట్టాడు.

ఇక్కడ వాకిట్లో జనం పెరగసాగారు. ముందు కంటి రోగులు వచ్చారు, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. తర్వాత పెట్టెలూ బిస్తర్లూ మోసుకుని లాడ్జి కుటుంబం దిగింది. పాసైన పిల్లలు మిఠాయి డబ్బాలతో వచ్చి దాసు కాళ్లకు మొక్కారు. మార్కండేయ ఊరివాళ్లను ట్రాక్టరు నిండా ఎక్కించుకుని, ఇంత తొందరగా ఆర్డరిచ్చిన మహానుభావుణ్ని చూద్దామని వచ్చాడు. వీళ్లంతా పిల్ల తరఫువాళ్లని పోశయ్య అనుకున్నాడు, ఎంత పలుకుబడి అని లోపల కొంచెం భయపడ్డాడు. పిల్లవాడి తరఫువాళ్లని జ్ఞానమ్మ అనుకుంది, ఇంతమందిని తెస్తామని ఒక్క మాట చెప్పలేదేమని లోపల తిట్టుకుంది. మర్యాదకు ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు.

అన్నం చాలదని జ్ఞానమ్మ వంటింట్లోకి పరుగెత్తి బియ్యం డబ్బా మూత తీసింది. చెయ్యి పెట్టగానే బియ్యం వణికాయి. ఆమె యేసయ్యా అని చెయ్యి వెనక్కి తీసుకుని, తర్వాత గుర్తుకొచ్చి ఫోను బయటికి తీసింది. అవతల భోజన్న ఎడపల్లి దాటి రోడ్డు పక్కన నిలబడి అరుస్తున్నాడు, జయరాజ్ ఎక్కడున్నాడు, ఇల్లెక్కడ అని. పిల్లవాడి యజమాని దారి తప్పాడు పాపం అనుకుంది ఆమె.

"చౌరస్తా కాడ ఎవ్వల్నడిగినా చెప్తరన్నా. జల్ది రాండ్రి, బంతికి టైమైతున్నది," అని చెప్పి, ఫోను మళ్లీ బియ్యంలో పెట్టి, కొలిచి ఎసట్లో పోసింది. పోసింది బియ్యమే.

భోజన్న వచ్చేసరికి పాస్టరయ్య దగ్గర చెప్పడానికి ప్రార్థనలేవీ మిగల్లేదు. హెడ్‌మాస్టరు ఇంకా రాలేదు. సాక్ష్యం లేకుండా ఉంగరం ఎట్లా అని పెద్దలు గుసగుసలాడుతున్నారు. గేట్లోంచి దుమ్ము కొట్టుకుని వస్తున్న మనిషిని చూసి, మా వాని యజమాని, చుట్టం కాడు, ఇంతకన్నా సాక్షి ఎవరు దొరుకుతాడు అని పోశయ్య లేచి ఎదురుపోయాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సరాసరి జయరాజ్ పక్కన నిలబెట్టాడు.

జయరాజ్‌కు ఆ ముఖం చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది, ఏం జరిగిందో కాలేదు. భోజన్న వంగి, పళ్ల మధ్య నుంచి అన్నాడు. "ఏ పేరు కొట్టినా దాసు టెంటే ఒస్తున్నది. ఊరంత నన్ను తిడుతున్నది. లే."

జయరాజ్‌కు చెమటలు పట్టాయి. ముందుగదిలో పూల గుడ్డ కింద తను పెట్టిన నకలు, దానికి చెప్పింది, చెప్పనిది అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అక్కడికి పది అడుగులు కూడా ఉండవు. కాని మామ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. అతను విమల వైపు చూశాడు. ఆమె తలవంచుకునే ఉంది గాని ఉంగరపు వేలు మాత్రం కొంచెం ముందుకు జరిగి ఉంది.

"అన్నా, ఇప్పుడు లేస్తే నా పెండ్లి పోతది," అన్నాడు జయరాజ్ మెల్లగా. "మీరు జల్దిగ సాక్ష్యం చెప్పుండ్రి. ఉంగురం తొడిగిన ఎంటనే లేస్త. దాన్ని ఆపుడు నాకు చిటికెల పని."

ఉద్యోగం ఊడబీకడానికి వచ్చినవాడు సభ ఎదుట నిలబడి గొంతు సవరించుకున్నాడు. పిల్లగాడు మంచోడు, చాలా మంచోడు, ఇక కానివ్వండి అన్నాడు. అంత పొట్టి సాక్ష్యం ఆ సంఘంలో ఎవరూ వినలేదు. పాస్టరయ్య ఇంకొంచెం వివరంగా చెప్పమన్నాడు. దాసుకు ఇదే అదనుగా దొరికింది. పనిలో నిలకడేనా అని అడిగాడు. నిలకడే అన్నాడు భోజన్న. నౌకరి పక్కానా అంటే పక్కా అన్నాడు. అతని జేబులో ఫోను ఆగకుండా అదురుతోంది. జీతం పెరుగుతుందా అంటే వచ్చే నెల నుంచే అన్నాడు. ఆదివారాలు చర్చికి పోనిస్తారా, వెనక నుంచి ఫోను చేస్తారా అంటే చచ్చినా చేయనన్నాడు. ఇన్ని మాటలు ఇంత సులభంగా వస్తుంటే పోశయ్యకు కూడా ఆశ పుట్టి, ఎప్పటికైనా దుకాణంలో చిన్న వాటా ఏమైనా ఉంటుందా అని నసిగాడు.

"ఎప్పటికైనా ఎందుకు, ఇయ్యాల్టి సంది వాటాదారే. పాస్టరయ్యా, మీకు దండం పెడ్త, ఉంగురం తెప్పియ్యుండ్రి," అన్నాడు భోజన్న.

దేవుని ఎదుట చెప్పిన మాట అని పాస్టరయ్య గంభీరంగా అన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. ట్రాక్టరులో వచ్చినవాళ్లు కూడా మర్యాదకు ఆమేన్ అన్నారు. ఉంగరం పళ్లెం వచ్చింది. ఇంటి ఫోను మళ్లీ మోగింది. దాసు ఒక క్షణం తటపటాయించి, గిరాకీని నిలబెట్టకూడదని లోపలికి పోయాడు. అతను లోపల ఎవరో పెద్దాయనకు రేపే కళ్లద్దాలిస్తానని మాటిస్తుండగా, బయట జయరాజ్ విమల వేలికి ఉంగరం తొడిగాడు.

తొడిగి, లేచి, పరుగెత్తాడు. పూల గుడ్డ లాగి పడేసి, కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే నాలుగు మీటలు నొక్కాడు. నకలు ఆగింది. నిజామాబాద్ యంత్రానికి ఇక్కడి నుంచే కబురు పెట్టి పేర్లన్నీ వెనక్కి పంపించాడు. కాలేజీ కాలేజీ అయింది, లాడ్జి లాడ్జి అయింది. భోజన్న గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఆ గదిలోనే ఉన్న ఫోను చప్పున మూగబోయింది.

 దాసు రిసీవరు ఎత్తి చెవిన పెట్టుకుని, డయల్ టోను ఉందని చూసుకుని, మళ్లీ పెట్టాడు. మోగలేదు. ఫోను ఏమైందని అల్లుణ్ని అడిగాడు. జయరాజ్ అబద్ధం ఆడి తప్పించుకోవచ్చు. తెలివిగలవాడు ఆడేవాడు. అతను మాత్రం వాకిట్లోకి వచ్చి అందరి ముందూ జరిగిందంతా చెప్పేశాడు, నకలు సంగతీ, నంబరు సంగతీ, పిల్లల పాసుల సంగతీ. వింటున్నకొద్దీ దాసు ముఖంలో వెలుగు ఒక్కొక్క బల్బూ తీసినట్టు తగ్గిపోయింది.

"అంటే గిప్పటిదాంక ఒచ్చింది నా గిరాకి గాదా?"

"కాదు మామా."

దాసుకు కోపం వచ్చిందని చెబితే తక్కువ. సిగ్గు వేసింది, దాన్ని కోపం కింద చూపించాడు. తన ఇంట్లో తననే పాగల్‌ను చేశారన్నాడు. ఇట్లాంటివాడికి పిల్లనిస్తే రేపు ఇంటి నంబరు కూడా మార్చేస్తాడన్నాడు. తను ముందే షరతు పెట్టానని, లేస్తే సంబంధం లేదన్నానని, ఇప్పుడు అందరూ చూస్తుండగానే లేచి పరుగెత్తాడని, ఉంగరం తీసెయ్యమని కూతురితో అన్నాడు.  నర్సవ్వ, జయరాజ్ తల్లి, కొంగు నోట్లో కుక్కుకుంది. 

విమల ఉంగరం తీయలేదు. తల ఎత్తి తండ్రి వైపు చూసింది.

"బాపూ, ఆయిన ఉంగురం తొడిగినంక లేసిండు. నువ్వు పాటల లేసినవ్, ప్రార్థనల లేసినవ్. నాకు ఉంగురం తొడుగుతుంటే సూడనీకి గూడ నువ్వు లెవ్వు, ఫోను కాడున్నవ్. లేసినోళ్లకు సంబంధం లేదంటే, మరి నిన్నేం జెయ్యాలె?"

  కూతురి వేలికి ఉంగరం తొడిగిన క్షణాన్ని తను నిజంగానే చూడలేదని అప్పుడు తట్టింది దాసుకు. కళ్లు చెమర్చాయి. జయరాజ్ భుజం మీద చెయ్యి వేసి, మళ్లొకసారి తొడుగు బిడ్డా, సూస్త అన్నాడు. జయరాజ్ మళ్లీ తొడిగాడు. ఈసారి దాసు రెండు చేతులూ కట్టుకుని ఎదురుగా నిలబడి చూశాడు. తర్వాత పిలిచినవాళ్లూ పిలవనివాళ్లూ ఒకే బంతిలో కూర్చుని తిన్నారు.

మాటిచ్చినవాడు కాబట్టి దాసు మర్నాడు లారీలు పంపించాడు. కోసిన చెరకుతో బండ్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరాయి. మేనేజరు మండిపడి, తర్వాత రోజంతా మిషను ఆడించాడు. ఆడించక ఏం చేస్తాడు, నరికిన చెరకును మళ్లీ నాటలేడు కదా. లారీ కిరాయిలతో దాసుకు నిజమైన గిరాకీ తగిలింది. లాడ్జి కుటుంబం గోదాంలో పెళ్లి పరుపుల మీద పడుకుని, ఇంత మెత్తటి లాడ్జి ఎక్కడా లేదని ఇంకో రెండు రోజులు ఉండిపోయింది. భోజన్న ఆ సాక్ష్యం ఏదో తొందరలో చెప్పిందని జారుకోబోయాడు గాని, బోధన్ నుంచి నిజామాబాద్ బజారుకు వచ్చిన ప్రతి సంఘం మనిషీ మేడ ఎక్కి వచ్చి మీ వాటాదారు బాగున్నాడా అని అడిగి పోతుంటే, చివరికి బోర్డు మీద రెండో పేరు రాయించక తప్పలేదు.

సప్లిమెంటరీలో తప్పిన పిల్లలు మాత్రం కాలేజీ ఫలితాన్ని ఒప్పుకోలేదు, తమకు బోధన్ ఫలితమే ఖాయం చేయాలని ప్రిన్సిపాల్ గది ముందు ధర్నాకు కూర్చున్నారు, షామియానా దాసు పంపించాడు.